ఉప్పునీళ్ల తలంటు

కేబుళ్ల లోపల చుట్టే టేపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ బ్లేడక్క అంటారు. దుప్పటంత వెడల్పున్న టేపు చుట్టను యంత్రానికి ఎక్కించి, వరసగా బ్లేడ్లు బిగించి, సన్నటి రిబ్బన్లుగా కోయించడం ఆవిడ పని. ఆ టేపు ఒంటినిండా తెల్లటి పొడి పట్టించుకుని ఉంటుంది. నేలలో పాతిన కేబులుకు ఎక్కడైనా చిల్లుపడి నీళ్లు చొరబడితే, ఆ పొడి చటుక్కున ఉబ్బి దారి మూసేస్తుంది.

ఒకనాడు యంత్రం రెండో కొసన నిలబడడానికి ప్యాకింగు నుంచి ఒకామెను పంపారు. తీరా చూస్తే, సాక్షాత్తూ బ్లేడక్క ఆడపడుచు! ఈవిడ కొత్తిల్లు చూడ్డానికి వచ్చి, చుట్టాలందరి ముందూ “ఇది వంటగదా, అగ్గిపెట్టా?” అని పకపకా నవ్విన మనిషి. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

యంత్రం దగ్గర మాట్లాడకపోతే పని సాగదు. అందుకని బ్లేడక్క గాల్లోకి చూస్తూ, “ఎవరైనా ఆ చుట్ట కాస్త ఎడమకు జరిపితే బాగుండు” అనేది.

“చెప్పే పద్ధతిలో చెబితే ఎవరైనా జరుపుతారు” అని ఆడపడుచు గోడకు బదులిచ్చేది. సూపర్‌వైజరు మీసాల చాటున నవ్వుకునేవాడు.

ఒక మధ్యాహ్నం చుట్ట అంచు చిరిగి, పొడి గుప్పున లేచి ఆడపడుచు నెత్తిన పడింది. నీళ్లు పొయ్యొద్దని చెప్పబోయిన బ్లేడక్కకు పంతం అడ్డొచ్చింది. ఈలోగా ఆమె వెళ్లి కుళాయి కింద తల పెట్టేసింది.

ఇంకేముంది! జుట్టంతా జావై ఉబ్బింది. కడిగేకొద్దీ పెరుగుతోంది.

“అమ్మో! ఇదేంటిది, నా నెత్తిమీద కాపురం పెట్టేసింది!” అంటూ ఆమె ఏడుపు మొదలెట్టింది.

బ్లేడక్క మనసు కలుక్కుమంది. క్యాంటీనుకు పరుగెత్తి ఉప్పు తెచ్చి బకెట్లో కలిపింది.

“వదినా, తల వంచు.”

“ఇంకా నీళ్లా? చాలు తల్లీ!”

“ఇవి ఉప్పునీళ్లు. ఉప్పు తగిలితే ఆ జిగురు దిగిపోతుంది. కదలకుండా కూర్చో.”

పాయలు పాయలుగా విడదీసి కడుగుతుంటే జావ పల్చబడి కారిపోసాగింది.

“ముందే చెప్పొచ్చు కదే?” అంది వదిన, కళ్లు మూసుకునే.

“చెబుదామనే అనుకున్నా. కోపం నోరు నొక్కేసింది.”

“ఆ రోజు ఆ మాట అని ఎన్నిసార్లు నాలిక్కరుచుకున్నానో. ఒప్పుకోవాలంటే నామోషీ.” ఇంతలో ఒక జిగురుముద్ద జారి ఆమె ముక్కుమీద కూర్చుంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సూపర్‌వైజరు కంగారుగా తొంగిచూసి వెనక్కి తగ్గాడు.

ఇది జరిగి ఏళ్లయింది. వదిన ఇప్పుడు బ్లేడ్లు కూడా తనే బిగిస్తుంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చుని తింటారు, ఇంట్లో వాళ్లను తీరిగ్గా ఆడిపోసుకుంటారు. సాయంత్రం చుట్టలు లారీకెక్కుతుంటే వదిన కాసేపు ఆగి చూస్తుంది.

“ఇవన్నీ ఏ ఊరి మట్టిలోకి పోతాయో!”

“ఎక్కడికో పోతాయిలే. పద వదినా, కాళ్లు లాగుతున్నాయి” అని బ్లేడక్క ఆమె చెయ్యి పట్టుకుని బస్సువైపు నడిపిస్తుంది.