డెఫినిట్ కింద ఎర్రగీత

ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం ఉండే పెన్సిల్ మీకు గుర్తుందా? నాలికతో తడిచేసి గీస్తే ఎరుపు ఇంకా చిక్కగా పడేది. నిన్న బరంపురం బజారులో కనబడితే కొనేశాను. ఇంటికొచ్చాక గాని తట్టలేదు, ఉత్తరం రాయడానికి నాకెవరూ లేరని.

నా చిన్నప్పుడు ఈ ఊళ్లోనే గోసాని నువాగాం పేట ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నాన్నకి ఖుర్దా రోడ్డులో రైల్వే ఉద్యోగం. కార్డు ముక్క తెలుగులోనే రాసేవారు గాని, ఒక్క మాట ఇంగ్లీషులో ఉండేది. "ఆదివారం వచ్చుట డెఫినిట్." దాని కింద ఎర్ర పెన్సిల్‌తో గీత. గీత ఉందంటే ఆయన వచ్చి తీరేవారు. అమ్మకి చదువు రాదు. నేనే చదివి వినిపించేదాన్ని.

ఒకసారి మూడు ఆదివారాలు వరసగా నాన్న రాలేదు. తర్వాత వచ్చిన కార్డులో ఆ మాట ఉండే చోట "డౌట్‌ఫుల్" అని ఉంది. బియ్యం ఏరుతున్న అమ్మ చేట కింద పెట్టి, "ఏటి రాసారే మీ నాన్న?" అంది.

"డెఫినిట్" అన్నాను.

ఆదివారం అమ్మ మార్కండి నుంచి వచ్చే చేపలామె దగ్గర చేపలు కొని పులుసు పెట్టింది. తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుంది. సాయంత్రం బండి కూత వినబడింది. ఎవరూ రాలేదు. నాకు ఏడుపొచ్చి నిజం చెప్పేశాను.

అమ్మ నా కంచంలో చేప ముక్క వేస్తూ నెమ్మదిగా అంది.

"కార్డు నీ సేతికిచ్చినప్పుడే సూసీసాను, కింద ఎర్రగీత లేదు. వొస్తారని నువ్వు సదువుతుంటే ఇనాలనిపించిందే."