కిళ్లీ మరక

బర్మాలో, తన్లిన్ నుంచి యాంగోన్ వచ్చే బస్సులో నా పక్కాయన కిటికీలోంచి కిళ్లీ ఉమ్మి, చేత్తో మూతి తుడుచుకుని, ఆ చెయ్యే నా సీటు మీద ఆనించాడు. ఆయన చెయ్యి తియ్యగానే జేబురుమాలుతో అక్కడ తుడిచాను. ఫోనులో అమ్మతో తెలుగు మాట్లాడటం విన్నాడు కాబోలు, నా ఒళ్లోని డ్రాయింగులు చూసి పలకరించాడు.

"ఏటి బాబూ, ఇంజినీరువా?"

స్ట్రక్చరల్ ఇంజినీరునని గొప్పగానే చెప్పాను. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది.

"నాను ఇనప సువ్వలు కట్టేవోణ్ని," అన్నాడు. "మీవోళ్లు సైటుకి రారు గదా, పొటోలడుగుతారు. ఒక్క స్తంబానికే సువ్వల సుట్టూ రింగులు దగ్గర దగ్గరగా కట్టీత్తాం. దాన్నే అన్నేపులా పొటోలు తీసి, అన్ని స్తంబాలూ ఇలాగే ఉన్నాయని మేస్త్రీ పంపీత్తాడు. మిగతావాటికి సగం రింగులే."

నవ్వాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎంత సిగ్గులేని మనిషి అనుకున్నాను.

"ఎవరూ పట్టుకోరా?" అన్నాను.

"పట్టుకోడానికి సూడాల గదా బాబూ."

ఆయన యాంగోన్‌లో పబేడాన్ స్టాపు దగ్గర దిగిపోయాక ఫోను తీశాను. ముందురోజు సైటుకి వెళ్లకుండానే నేను సంతకం పెట్టిన ఎనిమిది స్తంభాల ఫొటోలు అందులో ఉన్నాయి. మొదటి ఫొటోలో స్తంభం పక్కనున్న చెక్క పలక మీద ఎర్రటి కిళ్లీ మరక. రెండో ఫొటోలోనూ అదే పలక, అదే మరక. ఎనిమిదింటిలోనూ అదే.

కాంక్రీటు అప్పటికే పోసేశారు; లోపల రింగులెన్నో ఇక కనిపించవు. ఆఫీసులో చెబితే మా పై అధికారి ఆ ఫొటోలే మళ్లీ చూసి, బాగానే ఉన్నాయిగా అన్నాడు.

ఈ ఊళ్లో ఏ గోడ చూసినా కిళ్లీ మరకలే. కనిపించినప్పుడల్లా సంతకం పెట్టిన నా చెయ్యి జేబురుమాలుతో తుడుచుకుంటాను.