కండక్టరన్న గొంతు

ఆయనను పార్టీ జిల్లా అధ్యక్షుడని పిలిచేవారు తక్కువ. ఊరందరికీ కండక్టరన్నే. యౌవనంలో బస్సు మెట్టు మీద నిలిచి, రాబోయే ఊళ్ల పేర్లను మంత్రజపమంత శ్రద్ధగా ఎలుగెత్తి పలికేవాడు. పొలాలు, వంతెనలు, దీపాలు కిటికీల వెంట వెనక్కి జారిపోతుంటే, ఆ పేర్లన్నీ కలిసిన విరాట్ స్వరూపమే దేశమని ఆయనకు తోచింది. ఆ తలపుతోనే జాతీయవాద పార్టీలో చేరాడు. ఆ కంఠమే ఆయనను వేదికలెక్కించింది.

ప్రతి ప్రసంగమూ ముందుగా వంటింట్లో భార్యకు వినిపించడం ఆయన అలవాటు. ఏళ్లు గడిచేకొద్దీ అందులో ఊళ్లు తగ్గి, ఏటి అవతలి పొరుగుదేశం మీద నిందలు పెరిగాయి.

"ఊళ్ల పేర్లు చెప్తుంటే వినాలనిపిస్తుందండీ. ఆ తిట్లొచ్చేసరికి పొయ్యి మీద పాలు కూడా విరిగేట్టుంటాయి," అనేదామె.

"చప్పట్లన్నీ తిట్లకేనే, పిచ్చిదానా!" అని నవ్వేసేవాడు.

శాసనసభ టిక్కెట్టు తేలవలసిన సభనాడు ఆయన గొంతు పూర్తిగా పోయింది. పార్టీ పెద్దలు పంపిన పరిశీలకుడు ముందు వరుసలో కూర్చున్నాడు. సంధ్యాకాంతి మైదానమంతటా పలుచని పుప్పొడిలా పరచుకుంది.

"అన్నా, నేను మాట్లాడనా? జనం లేచిపోతున్నారు," అన్నాడు ఉపాధ్యక్షుడు.

ఆయన తల అడ్డంగా ఊపి, వేదిక పక్కన నిలిచిన భార్య వంక చూశాడు. ఆ ప్రసంగం కంఠస్థమైన మరో మనిషి ఆమె ఒక్కతే.

ఆమె మైకు ముందుకు వచ్చింది. "మా ఆయన గొంతు మూగబోయింది. ఇంట్లో నాకు పండగే అనుకోండి!"

జనం గొల్లున నవ్వారు. ఆమె ఆ పాత బస్సు దారిలోని ఊళ్లను వరుసగా చెప్పనారంభించింది. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క మూల నుంచి "మాదే, మాదే!" అని కేక. మసకబారుతున్న ఆకాశం కింద మైదానమంతా మెల్లగా సాగిపోయే బస్సై, తాను మళ్లీ దాని మెట్టు మీద నిలిచినట్టు ఆయనకు అనిపించింది. చివరి మజిలీ ఏటి అవతలిది. సరిహద్దు మూసుకోకముందు బస్సు అక్కడిదాకా వెళ్లేది. ఆమె ఆ పేరూ అంతే ప్రేమగా పలికింది.

ఉపాధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు. "అన్నా, తిట్టాల్సిన చోట వదిన బస్సాపింది! చాలించమను, టిక్కెట్టు పోతుంది!"

పరిశీలకుడు అప్పటికే లేచి కండువా సర్దుకుంటున్నాడు. కండక్టరన్న చేయెత్తి వారిస్తే ఆమె ఆగేదే. ఆయన చేయి లేచింది. మైకు దాకా సాగి, దానిని రెండుసార్లు తట్టింది, బస్సు కదలమని వెనుకటికి రేకు మీద తట్టినట్టే.

"రైట్, రైట్!" అంది చివరి వరుసలోని ఒక ముసలి గొంతు.

ఆమె నవ్వి, మళ్లీ మొదటి ఊరి నుంచి అందుకుంది.