బండల లారీ వెనకాల అనంతగిరికి

పెళ్ళిళ్లకో చావులకో తప్ప మనం కలవడమే లేదని సుగుణ ఫోన్ చేసి కోప్పడింది. "ఏ పనీ లేకుండ రెండు రోజులు కలుద్దాం అక్కా" అంది. నేను ఇంట్లో నలుగురు తోబుట్టువులకు పెద్దదాన్ని. చిన్నప్పటి నుంచి ఒకే వాడలో పెరిగిన నా స్నేహితురాళ్ళు సుగుణకూ యాదమ్మకూ అక్కనే. సుగుణ వికారాబాద్‌లో నర్సు. యాదమ్మ మా తాండూరులోనే నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పాతికేళ్ళుగా పని చేస్తోంది. అనంతగిరి గుట్ట మీద గది మాట్లాడానని సుగుణ చెప్పగానే నేను సరేనన్నాను. యాదమ్మ మాత్రం వెనకాడింది. బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. సుగుణ బిడ్డ పెళ్లికి బయల్దేరి, సగం దారిలో దిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. చివరికి, "ఈసారి గూడ దిగిపోతే ఇగ నన్నెప్పుడు పిలవకుండ్రి" అని చెప్పి మరీ వచ్చింది.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు తాండూరు బస్టాండులో ఎక్కాం. రైల్లో అయితే త్వరగా చేరవచ్చు. కానీ వికారాబాద్ స్టేషన్‌లో దిగి, ఐదారు కిలోమీటర్లు ఆటోలో మళ్ళీ వెనక్కి రావాలి. బస్సయితే గుట్ట మీదుగానే పోతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. బస్సు కదిలేముందు నేను కళ్ళు మూసుకున్నాను. ఈమెను గుట్ట దాకా చేర్చు ప్రభువా అని మాత్రం అడిగాను. దారి పొడవునా కంది చేలు పసుప్పచ్చగా పూతమీద ఉన్నాయి. యాదమ్మ చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

ధారూరులో బస్సు ఆగగానే సంచి తీసుకుని దిగింది. రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నేను నీళ్ళిచ్చాను. "నువ్వు పో అక్కా. సుగుణకు ఏదన్న చెప్పు. నేను తిరిగి పోత" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

డ్రైవర్ కిటికీలోంచి తొంగిచూశాడు. "తిరిగి నడుసుకుంట పోతవా అమ్మా? తిరిగి పోవుడు గూడ బస్సులనే గదా!"

బస్సులో నవ్వారు. యాదమ్మ నవ్వలేదు.

"ముందు సీట్ల కూసో. తల వంచకు, దూరం చూడు. గుట్ట మలుపుల్ల గూడ తిప్పితే నన్ను తిట్టు" అన్నాడు.

"తిట్టుడు నాకు మస్తొస్తది" అని గొణుగుతూ ఎక్కింది.

గుట్ట మొదలయ్యేసరికి మా ముందు ఒక బండల లారీ నెమ్మదిగా ఎక్కుతోంది. నాపరాళ్ళను పడుకోబెడితే గుంతల్లో పగులుతాయి. అందుకే నిలబెట్టి పేర్చి, సందుల్లో చెక్కలు బిగిస్తారు. యాదమ్మ కాసేపు దాన్నే చూసింది.

"అన్నా, జర దూరం ఉండు. కుడిదిక్కు వరుస వదులైంది."

"నాకేం కనిపిస్తలేదమ్మా."

"కనిపించది, ఇను. బిగిసిన బండ చప్పుడు చెయ్యది."

నిజమే. ప్రతి కుదుపుకీ రాయి రాయికి తగిలి టకటకమంటోంది. డ్రైవర్ హారన్ కొట్టి, లైట్లు వేసి లారీని ఆపించాడు. అందరికంటే ముందు దిగింది యాదమ్మే.

"ఏందమ్మా, సైడ్ కావాల్నా?" అన్నాడు లారీ అతను.

"సైడ్ ఎవనిక్కావాలె? ఎవలు నింపిండ్రు కొడుకా ఈ లోడు, కొత్తోళ్ళా?"

బండలు ఊడిపడే దిక్కున ఎవరినీ నిలబడనివ్వలేదు. చెక్క ఊడిన చోటు వేలెత్తి చూపింది. అతను క్యాబిన్‌లోంచి కొత్త చెక్క తెచ్చి సుత్తితో కొడుతుంటే, ఆమె తల పక్కకు వంచి వింది. "ఇంకా పలుకుతుంది. ఇంకో దెబ్బ. ఆఁ, చాలు." పది నిమిషాలు పట్టింది. బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు.

మళ్ళీ కదిలాం. రెండు వైపులా అడవి, మలుపు మీద మలుపు. యాదమ్మ చూపు లారీ మీదే ఉంది. లోడు ఎట్లా నింపాలో డ్రైవరుకు చెబుతూనే ఉంది. పది దాటాక కండక్టర్ "గుట్ట, గుట్ట" అని అరిచాడు.

"గుట్టెప్పుడెక్కినం అక్కా?" అంది యాదమ్మ.

సుగుణ వికారాబాద్ నుంచి ఆటోలో ముందే వచ్చి రోడ్డు మీద నిలబడి ఉంది. నన్ను చూడనే లేదు. "వచ్చినవానే!" అని యాదమ్మ దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది.

"రాకుంటెట్ల? నీ గుట్ట తొవ్వకు పనిమంతురాలు కావాల్నాయె."

ఇన్నేళ్ళ స్నేహంలో ఆమె పనితనాన్ని నా కళ్ళతో చూడటం అదే మొదలు. నేను ఆమెను గుట్ట చేర్చమని ప్రార్థిస్తే దేవుడు బండల లారీని పంపాడు. తాండూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు వికారాబాద్ దాకా పోనక్కర్లేదు, గుట్ట దగ్గరే దిగవచ్చు. ప్రయాణం పడనివాళ్ళు తోడుంటే, ఎక్కేటప్పుడే ముందు సీటు అడగండి. దేవుణ్ణి అడిగినదాన్ని, నేను డ్రైవరును కూడా అడిగి ఉండాల్సింది.