నడిసముద్రంలో నీలం టిక్కులు

మా భావనపాడులో ఎండుచేపలు అమ్మే ఉష వాట్సాప్‌లో అక్షరం రాయదు. మైకు నొక్కి మాట్లాడి పంపుతుంది. వాళ్ళాయన హరిబాబు, మా ఊరి మగవాళ్ళలో చాలామందిలాగే, గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పని చేస్తాడు. బోటు లోపలికి వెళ్ళిందంటే మళ్ళీ ఒడ్డు చేరేదాకా సిగ్నల్ ఉండదు. అయినా ఉష రోజూ మాట్లాడుతూనే ఉంటుంది. అత్త కూర్మమ్మ మోకాలి నొప్పి, సంతలో చేపల ధర, పక్కింటి తగువు, అన్నీ చెబుతుంది. అవన్నీ ఒక్క టిక్కుతో పడి ఉంటాయి. బోటు తిరిగొచ్చాక హరిబాబు అన్నీ విని ఫోన్ చేసి నవ్వుతాడు.

అదే వీధిలో అంగన్‌వాడీ నడిపే నాకు మొదట్లో ఇదంతా పిచ్చిగా అనిపించేది. తర్వాత అర్థమైంది. ఒక్క టిక్కు ఉందంటే మనిషి సముద్రం మీద పనిలో ఉన్నట్టు. మనకి నీలం టిక్కులు పడితే నిమ్మళం. ఆవిడకి పడకపోతేనే నిమ్మళం.

ఆ ఏడాది బోటు వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. పిల్లల్ని ఇళ్ళకి పంపేసి ఒడ్డుకి వెళ్ళేసరికి ఉష చేపలు వదిలేసి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, నీలం పడిపోనాది. అన్నీ ఇనేసినారు. ఆడు సముద్రం మీదుంటే ఎవులిన్నారక్కా?"

ఫోన్ చేశాం. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేస్తే కట్ చేశారు. "బావా, నువ్వేనా?" అని ఉష మైకులో అడిగింది. చూస్తూ ఉండగానే అదీ నీలమైంది. జవాబు రాలేదు.

వేరావల్‌లో పనిచేసి వచ్చిన ఎల్లాజీ అక్కడే వల బాగు చేసుకుంటున్నాడు. ఫోన్ చూసి పెదవి విరిచాడు. "నడిసముద్రంలో సిగ్నలెక్కడిది? పాకిస్తానోళ్ళు బోటు పట్టుకుంటే ముందు ఫోన్లే లాగేసుకుంటారు" అన్నాడు. తెలిసిందీ తెలియనిదీ ఒకే గొంతుతో చెప్పడం ఎల్లాజీకి అలవాటు. ఆ నోటికి ఇంత గుడ్డ కుక్కాలనిపించింది నాకు. కోడలి పక్కనే ఉన్న కూర్మమ్మ ఇసుకలో కూలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

బోటు యజమాని గుమాస్తాకి ఎల్లాజీ చేతే ఫోన్ చేయించాం. బోటు సముద్రంలోనే ఉంది, వచ్చాక చెయ్యండని హిందీలో విసుక్కుని పెట్టేశాడు. హరిబాబు పేరెత్తే సందు కూడా ఇవ్వలేదు. బోటు సముద్రంలో ఉంది, ఫోన్ ఇంకెవరో వింటున్నారు. ఇంకా అనుమానం ఏముంది?

ఉష ఏడవలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"బాబూ, నువ్వెవులివో నాకు తెల్దు. ఆ ఫోను మా బావది. నీ కాళ్ళట్టుకుంటాను, ఆడ్ని కొట్టకు. కారం తింటే ఆడికి కడుపునొప్పి వస్తాది, సూసి పెట్టు బాబూ. నీకూ అప్పసెల్లెళ్ళుంటారు. మాకింకేటీ వద్దు, మనిషిని పంపించీ."

అవతలివాడికి తెలుగు వస్తుందా అన్న ఆలోచన అక్కడ ఒక్కరికీ రాలేదు. కాసేపటికి అదీ నీలమైంది. వెంటనే ఫోన్ మోగింది. ఉష ఎత్తింది. స్పీకర్ నేనే నొక్కాను.

"ఒసే ఉషా, నానేనే. ఏడకే. నాను బోటెక్కనేదు. ఒడ్డునే ఉన్నాను."

బోటు బయల్దేరే రోజున వల లాగే మిషన్ సరిచూస్తుంటే దాని తాడులో అతని కుడిచెయ్యి ఇరుక్కుంది. మూడు వేళ్ళు పోయాయి. కట్టు కట్టించి, అతన్ని గదిలో వదిలేసి బోటు వెళ్ళిపోయింది. సంగతి ఎలా చెప్పాలో తెలియక, ఫోన్ ఆపేసి, బోటు తిరిగొచ్చేదాకా సముద్రం మీద ఉన్నట్టే ఉందామనుకున్నాడు. కానీ ఒంటరిగా పడుకుంటే పెళ్ళాం గొంతు వినకుండా ఉండలేకపోయాడు. వింటే ఇవతల టిక్కులు రంగు మారతాయన్న ఆలోచనే అతనికి రాలేదు.

"బతికున్నాడు, నా కొడుకు బతికున్నాడు" అని కూర్మమ్మ పెద్దగా ఏడ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఉష మాత్రం ఫోన్‌నే చూస్తూ అడిగింది.

"నువ్వేనా అని అడిగినాను గదా. అదీ ఇన్నావా?"

"ఇన్నానే. ఏటని సెప్పాల? సేతికి ఏళ్ళు లేనోడ్ని ఏ బోటోడెక్కించుకుంటాడు?"

"ఏళ్ళు పోతే పోనాయి. ఎవుడో పరాయోడి కాళ్ళట్టుకుంతన్నాననుకున్నాను బావా. నీ కాళ్ళేనేటి నాను పట్టుకున్నాది?"

అవతల్నించి ఏడుపు వినిపించింది. ఉష స్పీకర్ ఆపి ఫోన్ చెవికి ఆనించుకుంది.