ఎవరి దున్నపోతుదో చేతికి తెలుస్తుందా?

1963 ఫిబ్రవరిలో నేను ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తున్నా ప్రొబేషన్ తీరలేదు. అది తీరాలంటే శాఖవారు పెట్టే పదిహేను రోజుల రిఫ్రెషర్ కోర్సు పాసు కావాలి. ఆ కోర్సుకు బారెడు పేరుండేది గానీ, విషయం మాత్రం ఒక్కటే: పశువు చూడిదా, ఒట్టిదా అని చేత్తో తడిమి చెప్పడం. దీన్ని చూడి పరీక్ష అంటారు. కాలేజీలో మాకు ఈ విద్యను గోడకు తగిలించిన బొమ్మ మీద నేర్పారు. బొమ్మలోని ఆవు తన్నదు, తోకతో ముఖం మీద కొట్టదు. అందుకే అందరం ఫస్టు క్లాసులో పాసయ్యాం.

పాఠాలన్నీ ఆదిలాబాద్‌లో జరిగాయి. చివరి రోజు పరీక్షను ఇచ్చోడకు మార్చారు. పశువును నిలబెట్టి కట్టే నాలుగు గుంజల చట్రాన్ని మేం ట్రెవిస్ అంటాం. జిల్లాలో ఊగకుండా నిలబడే ట్రెవిస్ మా ఆస్పత్రిలోనే ఉందని ఎవరో చెప్పారట. దాంతో ఆ రోజు నేను పరీక్షార్థిని మాత్రమే కాదు, చాయ్ ఏర్పాట్లకు కూడా బాధ్యుణ్ణి.

మేం పది మందిమి. వరస సీనియారిటీ జాబితా ప్రకారం. మొదటివారు రంగారావు గారు, నిజాం జమానాలో గుర్రాల వైద్యంతో ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి. బర్రెలంటే ఆయనకు కొంచెం చిన్నచూపు, చిన్న ఉద్యోగులంటే ఇంకొంచెం చిన్నచూపు. చివరివాణ్ణి నేను. ఈ వరసలో ఒక చిక్కుంది. చూడి పరీక్షలో మోచేతి దాకా సబ్బు నురగ పట్టించి, పశువు మలద్వారం గుండా చేయి పోనిచ్చి, పేగు గోడ మీదుగా కింద ఉన్న గర్భసంచిని వేళ్లతో పోల్చుకోవాలి. ఒకరిద్దరు చూస్తే ఫర్వాలేదు. నలుగురైదుగురు చేతులు పెట్టేసరికి పేగులోకి గాలి చేరి డోలులా బిగుసుకుంటుంది. ఆ తర్వాత చేయి పెట్టినవాడికి తగిలేది గాలే. ఈ సంగతి మాలో అందరికీ తెలుసు. అయినా జాబితా జాబితాయే, సీనియర్ కంటే ముందు చేయి పెట్టడం మర్యాద కాదు.

పరీక్షకు నాలుగు పశువులు వచ్చాయి. మూడింటితో పేచీ లేదు. నాలుగోది రాజవ్వ అనే ఆమె బర్రె. తల్లిగారు పెళ్లిలో ఇచ్చిన బర్రె అది, ఆమె పక్క ఊరి నుంచి తెల్లవారగానే తోలుకొచ్చింది. వెంట భర్త మల్లయ్య కూడా వచ్చాడు. ఆ బర్రె రెండేళ్లుగా ఎదకు రాలేదు, పాలు ఎప్పుడో ఆగిపోయాయి. మల్లయ్య అందరి ముందే తేల్చి చెప్పాడు:

"పది మంది డాక్టర్లు సూసి సూడిది అంటే ఉంచుకుంట. గొడ్డుదంటే శనివారం అంగడికి తోలుత. మల్ల గీమె ఏడ్చినా ఇన."

అంగడిలో గొడ్డు బర్రెను కొనేవాళ్లు దేనికి కొంటారో ఆమెకూ తెలుసు.

చివరివాణ్ణి కనుక నాకు రెండు గంటల ఖాళీ దొరికింది. పశువుల కొట్టం నీడలో రాజవ్వ పక్కన కూర్చున్నాను. మల్లయ్య చాయ్ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లగానే ఆమె కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"సారూ, చెయ్యి వెడితే గది ఎవల దున్నపోతుదో గూడ ఎరుకైతదా?"

నేను నవ్వు ఆపుకున్నాను. చూడిదవునా కాదా అని ఆమె అడగలేదు. ఎవరిది అని అడిగింది! అంటే మొదటి ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉన్నట్టే. చేతికి అంత విద్య లేదని నేను ఒట్టేసి చెప్పాక, ఆమె గుండె దిటవు చేసుకుని అసలు సంగతి బయటపెట్టింది.

వాళ్ల ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మంచి దున్నపోతు పోశెట్టిది. పోశెట్టికీ మల్లయ్యకూ పొలం గట్టు దగ్గర తగాదా, ఒకరి గడప ఒకరు తొక్కరు. బర్రెకు వచ్చేది తరచుగా మూగ ఎద, అరుపూ ఉండదు, వెనక వేలాడే జిగురు తీగలూ ఉండవు. పొద్దున్నే పేడ తీసే ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ పసిగట్టలేరు. దీపావళి పోయిన వారానికి మల్లయ్య నిర్మల్‌లో ఒక పెళ్లికి వెళ్లాడు. ఆ పొద్దున రాజవ్వ బర్రె ఎద గుర్తుపట్టి, కల్లం వెనక నుంచి పోశెట్టి కొట్టానికి తోలుకుపోయింది. ఆ తర్వాత మళ్లీ ఎద లేదు.

"నేను చెప్తే పోశెట్టింటికి ఎందుకు పోయినవని కొడ్తడు. మీరు చెప్తే డాక్టర్లు చెప్పిన్రంటడు. జర మీరే చెప్పున్రి సారూ," అంది.

ఈలోగా ట్రెవిస్ దగ్గర రంగారావు గారు చేయి కడుక్కుంటున్నారు. ఎవరి జవాబు వాళ్లు చీటీ మీద రాసి, మడిచి, పళ్లెంలో వేయాలని నియమం. ఆయన చీటీ రాశారు, కాదనను. రాసే ముందు మాత్రం ఇచ్చోడ రోడ్డంతా వినపడేలా "ఖాలీ!" అన్నారు. గుర్రాల మధ్య పెరిగిన గొంతు మరి. రెండో ఆయన చేయి పెట్టారు, కాసేపు ఆకాశం వైపు చూశారు, చీటీ రాశారు. మూడో ఆయనా ఆకాశమే చూశారు. ఆరో ఆయన వచ్చేసరికి లోపల గాలి తప్ప ఏమీ లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. బర్రె మాత్రం ఇంతమందినీ భరించింది, నెమరు కూడా ఆపలేదు.

నా వంతు వచ్చింది. చేయి పెట్టాను. గాలి. ఎడమ గాలి, కుడి గాలి. ఖాలీ అని రాస్తే తొమ్మిది మంది పెద్దల సరసన క్షేమంగా ఉంటాను. చూడిది అని రాసి, రాజవ్వ లెక్క తప్పయితే, రంగారావు గారిని కాదన్న కుర్రడాక్టరుగా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించుకుంటాను. నిజం చెప్పాలంటే భయం వేసింది. అవతల రాజవ్వ బర్రె మెడ మీద చేయి వేసి నన్నే చూస్తోంది. "చూడి, మూడు నెలలు దాటింది" అని రాసి పళ్లెంలో వేశాను.

హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి చీటీలు విప్పారు. తొమ్మిది ఖాలీ, ఒకటి చూడి. రంగారావు గారు నా వైపు తిరిగి, ఏం దొరికిందోయ్ లోపల, వజ్రమా అని అడిగారు. అందరూ నవ్వారు. అధికారి స్వయంగా చేయి పెట్టి చూశారు. ఆయన కూడా కాసేపు ఆకాశం వైపు చూసి, చేయి తీసి, ఈ బర్రెను రాత్రికి ఇక్కడే కట్టేయండి, రేపు పొద్దున ఎవరూ ముట్టకముందు నేను చూస్తాను అన్నారు. మల్లయ్య అంగడి ప్రయాణం అప్పటికి ఆగింది.

మర్నాడు పొద్దున గాలి పోయి పేగు మామూలుగా ఉంది. అధికారి రెండు నిమిషాలు తడిమి, మూడు నెలలు పైబడిన చూడి అని ప్రకటించారు. రాజవ్వ కళ్లు తుడుచుకుంది. మల్లయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, బర్రె ఎక్కడ దున్నపోతుకు దాటిందని అడిగాడు. మేతకు పోయినకాడ ఏ దున్నపోతు తగిలిందో తనకేమెరుక అంది ఆమె.

తర్వాత అధికారి నన్ను గదిలోకి పిలిచి, నీకు ఏం తగిలిందో చెప్పమన్నారు. పుస్తకంలో ఉన్నదంతా వల్లించాను: గర్భసంచి ఒక కొమ్ము పెద్దదిగా ఉంది, ఒకటి చిన్నదిగా ఉంది, లోపల నీరు కదిలింది. ఆయన ఓపిగ్గా విన్నారు. నీ తర్వాత నేనూ చేయి పెట్టాను, నాకు గాలి తప్ప ఏమీ తగల్లేదు, ఇప్పుడు నిజం చెప్పు అన్నారు. తల వంచుకుని, ఇంటావిడ చెప్పిందండీ అన్నాను. దున్నపోతు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

ఆయన కోర్సు పుస్తకం తీసి మొదటి పేజీ నా ముందు పెట్టారు. చేయి కడుక్కోవడం కంటే ముందు అచ్చువేసిన మొదటి మాట: పశువు ఎప్పుడు దాటిందో యజమానిని అడగవలెను. తొమ్మిది మందీ ఆ పేజీ తిప్పేశారు, నువ్వు దొంగతనంగా పాటించావు అంటూ పాసు చేశారు. అబద్ధం చెప్పినందుకు రంగారావు గారి టీఏ బిల్లులన్నీ సాపు రాసిపెట్టమన్నారు. ఆ శిక్షకు రెండు రోజులు పట్టింది.

సెప్టెంబరులో మాయ పడలేదని మల్లయ్య కబురు పంపితే వాళ్ల ఊరికి వెళ్లాను. పని ముగించి దుడ్డెను చూశాను. నుదుట రూపాయి బిళ్లంత తెల్ల చుక్క, తోక కుచ్చు తెలుపు. గోడ అవతల పోశెట్టి కొట్టంలో అదే చుక్కతో, అదే కుచ్చుతో దున్నపోతు గడ్డి మేస్తోంది. చేయి చెప్పలేనిదాన్ని దుడ్డె నుదుటి మీద పెట్టుకుని వచ్చింది. రాజవ్వ గబగబా లోపలికి వెళ్లిపోయింది. నేను నా సర్కారీ గొంతు తెచ్చుకుని, ఇలాంటి చుక్కలు బర్రెల్లో మామూలేనని మొదలుపెట్టాను.

మల్లయ్య చేయి అడ్డం పెట్టాడు. "నాకు గా దినమే ఎరుక సారూ. గీ ఊళ్లె ఇంకెవలకున్నది దున్నపోతు? నేనడగ, అది చెప్పది. ఇల్లు గట్లనే నడుస్తది." కాసేపు దుడ్డె వీపు నిమిరి, మళ్లీ అన్నాడు. "మల్ల ఎదకొచ్చినప్పుడు నాకు జర ముందుగాల చెప్పుమనున్రి. నిర్మల్ పోయొస్త."

తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో మరో ఆరు రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లాను, రెండింటికి నేనే పాఠం చెప్పాను. చూడి పరీక్షకు సబ్బు ముట్టుకోకముందు ఇంటావిడను ఒంటరిగా అడగాలని, అడిగే ముందు భర్తను చాయ్‌కి పంపాలని ఆ రెండు బ్యాచ్‌లకూ చెప్పాను. రెండో మాట ఏ పుస్తకంలోనూ లేదు.