పొడుగు నారు

బడుల్లో ప్లస్ టూ తరగతులు వచ్చిన కొత్తలో తిరువళ్ళూరు బడిలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. పొద్దున తిరుత్తణిలో రైలెక్కడం, సాయంత్రం మళ్ళీ అక్కడే దిగి అత్తిమంజేరిపేట బస్సు కోసం కాచుకోవడం. ఇల్లు చేరేసరికి ఎవరు పలకరించినా విసుగొచ్చేది.

ఆ ఏడు మా నారుమడిలో అక్కడక్కడా కొన్ని మొక్కలు తక్కినవాటికంటే జానెడు పైకి లేచాయి. సన్నగా, పాలిపోయి ఉన్నాయి. నాయన వాటిని పీకి గట్టున పడేస్తున్నాడు.

"ఎందుకు పీకేస్తా ఉండావు నాయనా?"

"పిచ్చి నారబ్బా ఇది. మా నాయన గూడా పీకేసేవోడు. ఎందుకని అడిగితే నాకేం తెలుసు?"

ఏడాది తిండిగింజలు మాకు పల్లపు మడిలోనే పండాలి. అక్కడ నీళ్ళు నిలిచి పొట్టి నారు మునిగిపోతుంది. అందుకని ఈ పొడుగుదాన్నే ఏరి అక్కడ నాటమన్నాను. నాయన చేయి ఆగింది.

"చదువుకున్నోడివి, నీ మాటే కానీ" అన్నాడు.

కాళ్ళు లాగుతున్నాయి. వంగి ఒక్క మొక్కనైనా పట్టి చూడకుండా ఇంట్లోకి పోయాను.

నెల తిరక్కముందే పల్లపు మడిలో పైరు ఎండిపోసాగింది. మొదళ్ళు కుళ్ళి, పట్టుకుంటే చేతికి వచ్చేసేవి. మళ్ళీ నాటడానికి నారు లేదు. ఆ వారమే తరగతిలో హార్మోన్ల పాఠం. జిబ్బరెల్లిన్ ఎక్కువైతే కణాల గోడలు వదులై సాగుతాయనీ, గట్టిపడకుండానే మొక్క పొడుగైపోతుందనీ, వరికి పట్టి మొదలు కుళ్ళబెట్టే ఒక బూజు ఆ హార్మోన్‌నే తయారు చేస్తుందనీ తమిళంలో గడగడా చెబుతూ, బోర్డు మీద సుద్దముక్క ఆపేశాను. కిందటేడూ చెప్పిన పాఠమే! శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అదీ నా సంగతి.

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా మడి దగ్గరికే పోయాను. పక్క మడి మామ నాయనను నిలదీస్తున్నాడు.

"ఏం బావా, పిచ్చి నారని తెలిసీ ఎవురు నాటమనిరి?"

నాయన నా వైపు చూడలేదు. "ఎవురు చెప్తారు? నాకే ఆశ పుట్టింది. కండ్లు మసకబారినాయిలే."

సేద్యంలో నాయన మాటకు ఊళ్ళో ఎవరూ నవ్వింది లేదు. ఆ రోజు మామ నవ్వుకుంటూ పోయాడు. ఆయన వింటుండగా నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మామ గట్టు దాటేదాకా ఆగి, అప్పుడన్నాను, "నాయనా, తప్పు నాది."

"నాకు తెలీదా? నీ చదువుకు ఊళ్ళో పేరుండనీ. పో, అన్నం తిను."

పోయి తిన్నాను కూడా.